బావి నీటికి పద్దు పుస్తకము

యాసంగి నారుమళ్లు సిద్ధపరచు దినములు సమీపించినప్పుడు మన సంఘ సభ్యులు పెక్కుమంది అప్పు కోరి వత్తురు. విత్తనములకు కొందరు, ఎరువులకు కొందరు, క్రొత్త బోరుబావులకు మరికొందరు. విత్తనమెంత, ఎరువెంత, వడ్డీయెంత యని అందరమును లెక్కగట్టుదుము. బావిలో నీరెంత యున్నదని అడుగువారు మాత్రము అరుదు. ఆ లెక్కను గురించియే ఈ మాసము కొంత వ్రాయదలచితిమి.

ఒకప్పుడు అమరచింత సంస్థానమునకు ముఖ్యపట్టణమైన మన ఆత్మకూరు చుట్టుప్రక్కల రైతులు రెండు తెగలుగా నున్నారు. జూరాల ఎడమకాలువ నీరు పారు గ్రామములవారు ఒక తెగ. వారి బావులకు కాలువ ఊట తోడగును. కాలువకు ఎగువన మెట్ట పొలములు గలవారు రెండవ తెగ. వీరికి వానయే దిక్కు. అడుగున గ్రానైటు రాయి. ఆ రాతి పైపొరలోను, పగుళ్లలోను ఇంకిన నీరే వీరి ఆస్తి. లోతుగా దింపిన బోరు క్రొత్త నీటిని సృష్టింపదు. తరచుగా అది పొరుగువాని పగులులోని నీటినే గుంజుకొనును.

నీటిని కొలిచి పైరు వేయుట మనకు క్రొత్త గాదు. చెరువు క్రింద తాబి వరి వేయుటకు ముందు నీరడిని పిలిచి, తూమువద్ద నీరెంత నిలిచినదో విచారించి, ఎంత మేర నాటవచ్చునో పెద్దలు నిర్ణయించెడివారు. ఈజిప్టు దేశమున కైరో నగరమునొద్ద రోడా దీవిలో నైలునది వరదను కొలుచుటకు 861వ సంవత్సరమున నిర్మించిన రాతి స్తంభము నేటికిని గలదు. ఆ వరద ఎత్తును జూచియే అచ్చటి ప్రభువులు ఆ యేటి శిస్తును నిర్ణయించెడివారు. చెరువు నీరు కంటికి కనబడును గనుక కొలిచితిమి. భూమిలోని నీరు కనబడదు గనుక కొలువకుంటిమి.

మేము దీనిని నేర్చినది పుస్తకమున గాదు. కొన్నేండ్ల క్రిందట కాలువకు దూరమైన యొక గ్రామమున ఒక రైతు తన రెండెకరములలో వరి వేయుదునా, వేరుశనగ వేయుదునా యని మమ్మడిగెను. ఆ యేడు వానలు బాగుగా కురిసినవి. చెరువు నిండియుండుట జూచి వరియే వేయుమంటిమి. ఆయన బావిలోనికి తొంగియైన చూడలేదు. మాఘము దాటునప్పటికి మోటారు గంటసేపు నీరు పోసి, పిదప గాలి కొట్టసాగెను. పైరు పొట్టదశలో నుండగా ఒక ఎకరము ఎండినది. ఆయన మమ్ము నిందింపలేదు. "సారూ, మీరు జెప్పిన వరి పసులకైంది" అని మాత్రమనెను. ఆ వేసవి వారి యింటినుండి ఇద్దరు కూలికై హైదరాబాదు పోయిరి.

ఇప్పుడు లెక్క చూతము. ఒక ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన సుమారు 4,000 లీటర్ల నీరగును. ఉమ్మడి మహబూబునగరు జిల్లాలో యేటి సగటు వాన సుమారు 600 మిల్లీమీటర్లు. గ్రానైటు నేలలో నూటికి పది పాళ్లు ఇంకునని అనుకొందము, 60 మిల్లీమీటర్లగును. యాసంగి వరికి సుమారు 1,200 మిల్లీమీటర్లు కావలెను. అనగా ఒక ఎకరము వరికి ఇరువది ఎకరములపై ఇంకిన వాన ఖర్చగును. మడిలో పెట్టినదానిలో సగము మరల ఇంకునని ఉదారముగా లెక్కించినను పది ఎకరముల వాన తప్పదు. పది ఎకరముల మెట్ట గల రైతు ఒక ఎకరము వరి వేసినచో సరిపోయెను. మన గ్రామములలో వేయుచున్నది అంతేనా? వేరుశనగకు 500 మొదలు 600 మిల్లీమీటర్లు చాలును. వరి ఎకరము నీటితో రెండెకరములు పండును.

వేరుశనగకు అడవిపందుల బెడద గలదనియు, పీకుటకు కూలీలు దొరకరనియు, వరికైనచో కొనుగోలు కేంద్రము గలదనియు రైతులు చెప్పుదురు. అవి నిజమే. మేము వరి మానుమనుట లేదు. నీరు చూచి విస్తీర్ణము నిర్ణయింపుమనుచున్నాము.

ఇట్లు చేసిన గ్రామములు మన జిల్లాలోనే యుండెను. 2003 మొదలు కొన్నేండ్లు నెదర్లాండ్సు దేశపు ధనసహాయముతోను, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతోను ఒక పథకము నడచెను. అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, నల్లగొండ, మహబూబునగరు జిల్లాలలో రైతులే, స్త్రీలును పురుషులును, వానను, బావుల మట్టమును కొలిచి వ్రాసిరి. వానకాలము ముగియగానే కూడి, ఉన్న నీరెంత, వేయదలచిన పైర్లకు కావలసినదెంత యని గోడపై వ్రాసి చూచుకొనిరి. ఏ పైరును నిషేధింపలేదు. ఎవరి నిర్ణయము వారిదే. అయినను లెక్క కన్నులయెదుట నుండుటచే పలువురు వరిని తగ్గించిరి. పథకము ముగిసిన పిదప ఆ పుస్తకమును ఎవరు వ్రాయవలెనను ప్రశ్న మిగిలినది.

రాష్ట్ర భూగర్భజల శాఖవారు తమ పరిశీలన బావులను నెలనెల కొలుచుచున్నారు. కేంద్ర సంస్థవారు యేటికి నాలుగు మారులు కొలుతురు. ఆ కొలతలు మండలమునకు, జిల్లాకు ఉపయోగపడును గాని, మన యూరి తూర్పు చేనికిని పడమటి చేనికిని గల భేదము నవి చెప్పజాలవు. అది గ్రామ పంచాయతీ చేయదగిన పని. 2002 నాటి వాల్టా చట్టము ప్రకారము క్రొత్త బోరుకు అనుమతి కావలెను. ప్రజల త్రాగునీటి ఆధారమునకు 250 మీటర్ల లోపల బావి త్రవ్వరాదు. బోరు బండి రాత్రివేళ వచ్చి తెల్లవారకముందే పోవు చోట చట్టమొక్కటియే యేమి చేయగలదు?

కొలుచుట కష్టము గాదు. వాడుకలో లేని బోరునో, త్రవ్వుడు బావినో గ్రామమునకు నాలుగైదు ఎన్నుకొనుడు. మోటారున్న బోరులో తాడు చిక్కుపడును గనుక దానిని విడువుడు. తాడునకు బరువు గట్టి, మీటరున కొక ముడి వేసి, చుట్టుప్రక్కల మోటార్లు నడువకముందు, తెల్లవారుజామున, నేలమట్టము నుండి కొలువుడు. పదునైదు దినముల కొకమారు చాలును. వానకు, నిలువు అంచుల డబ్బా నొకదానిని చెట్టునకు దూరముగా నుంచి, ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నరకు లోతును కొలకఱ్ఱతో చూచి, పారబోసి, మరల నుంచుడు.

మన సంఘమునకు ఒక మనవి. బోరు కొరకు అప్పు కోరు దరఖాస్తుతో ఆ చేని చుట్టుప్రక్కల మూడు బావుల మట్టమును జతపరచవలెనని పాలకవర్గమువారు తీర్మానింపవలెను. ఎండిన బోరుపై ఇచ్చిన అప్పు రైతును విడువదు, సంఘమును విడువదు. కొందరు సభ్యులు దీనిని అడ్డంకి యందురు. మూడవ బోరు కూడ ఎండినవారు మాత్రము అనరని మా నమ్మకము.

ముడులు వేసిన కొలతాళ్లు, గీతలు గీచిన పుస్తకములు కొన్ని మావద్ద సిద్ధముగా నున్నవి. కావలసిన గ్రామములవారు సంఘపు కార్యాలయమున అడిగి తీసికొనవచ్చును. మొదటి కొలతకు మేమును వత్తుము.