పెరటి వేపగింజ: చెత్తగా పోతున్న పంట

మృగశిర కార్తెలో ఒకటి రెండు వానలు పడేసరికి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలోను, చుట్టుపక్కల గ్రామాలలోను వేపచెట్టు ఉన్న వాకిళ్లన్నీ పసుపుపచ్చని పండ్లతో నిండిపోతాయి. ఉదయం ఊడ్చిన చోటే సాయంత్రానికి మళ్లీ పరుచుకుంటాయి. కాలి కింద చితికి జిగురుగా అంటుకుంటాయి, ఈగలు ముసురుతాయి. ఇంటివారి దృష్టిలో అది చెత్త. చీపురుతో కుప్పచేసి, ఆరిన తర్వాత నిప్పంటించడమో, మురుగు కాలువలోకి తోసివేయడమో జరుగుతుంది. రెండు మూడు నెలలు గడిచాక అదే ఇంటి రైతు పురుగుమందుల దుకాణానికి వెళ్లి వేపనూనె సీసా కొనుక్కొని పొలానికి బయలుదేరుతాడు.

పెరటి చెట్టు కుప్పలుగా రాల్చే చేదు గింజను ఏమి చేయాలన్న ప్రశ్న మన ప్రాంతానికే పరిమితమైనది కాదు. శీతల దేశాలలో ఓక్ చెట్లు కొన్ని సంవత్సరాలలో విపరీతంగా గింజలు రాలుస్తాయి. ఆ గింజలలోని టానిన్ల వల్ల అవి వగరుగా, చేదుగా ఉంటాయి. కొరియాలో ఆ పిండిని పదేపదే నీటిలో నానబెట్టి, వగరును తొలగించి, మెత్తని హల్వా ముక్కల వంటి వంటకం చేస్తారు. స్పెయిన్‌లో ఓక్ తోటలలోకి పందులను మేతకు వదులుతారు. అక్కడ చేదును వదిలించుకోవడమే పని. వేపగింజ విషయం ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఇక్కడ చేదే సరుకు. చెట్టు కింద పడిన నాటి నుండి పైరు మీద పిచికారీ చేసే నాటి వరకు ఆ చేదును చెడకుండా కాపాడడంలోనే వేపగింజ వినియోగమంతా ఆధారపడి ఉంది. మన విస్తరణ కార్యక్రమాలలో కషాయం తయారీకి లభించిన ప్రాధాన్యం ఈ కాపాడే పనికి లభించలేదు.

ముందుగా లెక్క చూడవలసి ఉంటుంది. బాగా ఎదిగిన వేపచెట్టు సంవత్సరానికి సుమారు 30 నుండి 50 కిలోల పండ్లు ఇస్తుంది. పండు బరువులో తొక్క, గుజ్జు కలిసి 70 శాతానికి పైగా ఉంటాయి. గింజ పెంకు 18 నుండి 19 శాతం, లోపలి పప్పు 10 శాతం మాత్రమే. అంటే 50 కిలోల పండ్ల నుండి 5 కిలోల పప్పు వస్తుంది. 5 శాతం వేపగింజల కషాయం 100 లీటర్లు తయారు చేయడానికి కావలసినది సరిగ్గా ఆ 5 కిలోలే. ఎదిగిన వరికి ఎకరాకు 200 లీటర్ల ద్రావణం అవసరమైతే ఒక్క పిచికారీకి రెండు చెట్ల పూర్తి కాపు ఖర్చవుతుంది. ఐదెకరాల వరికి రెండు సార్లు పిచికారీ చేయదలచిన రైతుకు ఇరవై చెట్లు కావాలి. వాకిట్లో అడుగు పెట్టనివ్వనంతగా కనిపించిన పండ్లరాశి పొలం లెక్కలోకి వచ్చేసరికి ఎంతో చిన్నదైపోతుంది. రైతు సదస్సులలో ‘ఖర్చులేని మందు’ అని వేపను పరిచయం చేసేవారు ఈ లెక్కను కూడా చెబితే బాగుంటుంది.

అయితే ఇదే లెక్క మరొక దారిని చూపుతుంది. ఎకరం వరి నాటడానికి కావలసిన నారుమడి సుమారు రెండు గుంటలు. ఎకరాకు 200 లీటర్ల చొప్పున చూసినా రెండు గుంటలకు పది లీటర్ల కషాయం చాలు. దానికి అరకిలో పప్పు, అంటే ఐదు కిలోల పండ్లు సరిపోతాయి. ఒక్క చెట్టు కాపుతో పదెకరాల నారుమళ్లకు ఒక విడత పిచికారీ చేయవచ్చు. పెరటి కూరగాయలకు, ఇంటి అవసరానికి వేసుకున్న కొద్దిపాటి మిరపకు, గట్ల వెంట పెట్టుకున్న బెండ, వంగ సాళ్లకు కూడా ఒకటి రెండు చెట్ల గింజ సరిపోతుంది. వేపకు సరైన స్థానం ఇదే. సాగర్ ఎడమ కాలువ కింద వందల ఎకరాలలో పరచుకున్న వరి అంతటినీ పెరటి చెట్టుతో కాపాడుతామనడం రైతును నిరాశపరచడమే.

వేపలోని గుణం శాస్త్రానికి కొత్త కాదు. 1959లో సూడాన్‌లో మిడతల దండు పచ్చని ఆకునంతా మేసి, వేపచెట్ల ఆకును మాత్రం వదిలివేయడాన్ని జర్మన్ కీటక శాస్త్రవేత్త హైన్రిష్ ష్ముట్టరర్ గమనించారు. 1960ల తొలినాళ్లలో న్యూఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్. ప్రధాన్, ఆయన సహచరులు వేపపప్పు ద్రావణం చల్లిన పైరును మిడతలు ముట్టవని చూపారు. అజాడిరాక్టిన్ అనే పదార్థాన్ని 1968లో బ్రిటన్‌లో బటర్‌వర్త్, మోర్గన్ వేరుచేశారు. దానిని ప్రయోగశాలలో సంపూర్ణంగా సంశ్లేషించడానికి కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలోని స్టీవెన్ లే బృందానికి 22 ఏళ్లు పట్టింది. 2007లో ఆ పని పూర్తయింది. అంతటి జటిలమైన అణువును మన వాకిలిలోని చెట్టు ఏటా తయారుచేసి నేల మీద పోస్తున్నది! వేపనూనెతో శిలీంద్రాలను అదుపు చేసే పద్ధతిపై ఐరోపాలో ఇచ్చిన పేటెంటును భారతీయుల పూర్వజ్ఞానం ఆధారంగా 2000లో రద్దు చేశారు, 2005లో అప్పీలు కూడా వీగిపోయింది. పేటెంటు పోరాటం గురించి విద్యార్థులందరికీ తెలుసు. గింజ ఎండబెట్టే పద్ధతి మాత్రం తెలిసినవారు తక్కువ.

అసలు చిక్కు ఎండబెట్టడంలోనే ఉంది. వేపపండు రాలే కాలమూ వానలు మొదలయ్యే కాలమూ ఒకటే. మృగశిర నుండి పునర్వసు కార్తె వరకు నేల ఆరదు. గుజ్జుతో సహా కుప్పపోసిన పండ్లు రెండు మూడు రోజులలోనే వేడెక్కి పులుస్తాయి, గింజకు బూజు పడుతుంది. బూజు పట్టిన గింజలో అజాడిరాక్టిన్ తగ్గడమే కాక, ఆస్పర్జిల్లస్ శిలీంద్రం చేరితే అఫ్లాటాక్సిన్ కూడా ఏర్పడవచ్చు. నల్లబడిన గింజతో చేసిన కషాయం పనిచేయలేదని రైతు అంటే తప్పు వేపది కాదు.

అందువల్ల పండ్లను ఏ రోజువి ఆ రోజే ఏరాలి. చెట్టు కింద పాత చీరో, పరదాయో పరిస్తే మట్టి అంటదు, ఊడ్చే పని కూడా తగ్గుతుంది. ఏరిన పండ్లను నీటిలో వేసి చేతులతో పిసికి, తొక్క, గుజ్జు తొలగించి గింజలను బాగా కడగాలి. ఆ గుజ్జును పెంటకుప్పలో వేసుకోవచ్చు. కడిగిన గింజను ఒకటి రెండు రోజులు ఎండలో పలుచగా పోసి తడి ఆర్చి, తర్వాత గాలి తగిలే నీడలో గలగలలాడే వరకు ఆరబెట్టాలి. యాసంగి ధాన్యం తూకాలు ముగిసిన తర్వాత గ్రామాలలో సిమెంటు కల్లాలు ఖాళీగా ఉంటాయి కనుక వాన తెరిపి ఇచ్చిన రోజులలో అవి ఇందుకు ఉపయోగపడతాయి. ఆరిన గింజను గోనెసంచులలోగాని వెదురు బుట్టలలోగాని నిల్వ చేయాలి. ప్లాస్టిక్ సంచులలో మూటకట్టడం మంచిది కాదు, లోపలి చెమ్మ బయటకు పోదు. గోరువంకలు, గబ్బిలాలు గుజ్జు తిని వదిలిన గింజలు చెట్ల కింద విడిగా దొరుకుతాయి. వాటికి పిసికే శ్రమ ఉండదు, చాలామంది ఏరేవారు వాటినే ముందు చూసుకుంటారు.

కషాయం తయారీ తెలిసినదే అయినా కొలతలు గుర్తుంచుకోవాలి. 5 కిలోల పప్పును మెత్తగా దంచి, పలుచని గుడ్డలో మూటకట్టి, 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టాలి. ఉదయం మూటను పలుమార్లు పిండి, వడకట్టి, 100 గ్రాముల సబ్బు పొడి కలిపి, మొత్తం 100 లీటర్లు అయ్యేటట్లు నీరు చేర్చాలి. పెంకు తీసే ఓపిక లేనివారు గింజను పెంకుతోనే దంచుకోవచ్చు. గింజలో పప్పు మూడో వంతు మాత్రమే కనుక అప్పుడు 14 నుండి 15 కిలోల గింజ తీసుకోవలసి ఉంటుంది. అజాడిరాక్టిన్ ఎండకు త్వరగా విచ్ఛిన్నమవుతుంది. పిచికారీ సాయంత్రం వేళ చేయాలి, కలిపిన ద్రావణాన్ని మరునాటికి దాచరాదు.

ఈ కషాయం పురుగును కొట్టిన వెంటనే చంపదు. తినడం మాన్పిస్తుంది, కుబుసం విడవడానికి అవసరమైన హార్మోను క్రియను చెడగొడుతుంది, గుడ్లు పెట్టడాన్ని తగ్గిస్తుంది. చిన్న పిల్లపురుగుల దశలో ఫలితం ఉంటుంది, ముదిరిన పురుగుపై ఆశ పెట్టుకోరాదు. మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలలో సెప్టెంబరు, అక్టోబరు నెలలలో సుడిదోమ ఉద్ధృతమై పైరు సుడులు సుడులుగా ఎండుతున్నప్పుడు వేప కషాయంతో కాలం వెళ్లదీస్తే పంట చేజారుతుంది. అప్పుడు చేయవలసిన పనులు వేరు. కానీ పైరు తొలిదశలో ఆకుముడత కనిపించగానే తీవ్రమైన రసాయనాలు చల్లి, సుడిదోమను తినే సాలీళ్లను, మిరిడ్ నల్లులను చంపుకొనే అలవాటు ఉన్నదే, ఆ మొదటి పిచికారీ స్థానంలో వేప వస్తే తర్వాతి ముప్పు కూడా కొంత తగ్గుతుంది.

ఇక శ్రమ సంగతి. పండ్లు ఏరడం, పిసకడం, దంచడం దాదాపుగా స్త్రీల పని. అది సరిగ్గా నారుమళ్లు, పత్తి గింజలు వేసే రోజులలో వచ్చి పడుతుంది. కూలి దొరికే రోజున ఎవరూ పెరట్లో కూర్చొని వేపగింజ కడగరు. గుజరాత్‌లో 2015 నుండి ఒక ఎరువుల సంస్థ గ్రామీణ మహిళలతో వేపగింజ సేకరింపజేసి, డబ్బు చెల్లించి కొంటున్నది. దేశంలో తయారయ్యే యూరియాకంతటికీ వేపనూనె పూత తప్పనిసరి అయినది కూడా ఆ ఏడాదే. ధర పలికే చోట గింజ నేల మీద మిగలదు. మన గ్రామాలలో మహిళా సంఘాలు సేకరణకు ముందుకు వచ్చినా, దంచడానికి మర, కొనడానికి మనిషి ఉంటేనే అది రెండో ఏడు కొనసాగుతుంది.

ఇతర ప్రయోజనాలు కొన్ని ఉన్నాయి. నూనె తీసిన వేపపిండిలో సుమారు 5 శాతం నత్రజని, 1 శాతం భాస్వరం, 1.4 శాతం పొటాష్ ఉంటాయి. 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి కలిపి వరికి వేయడం పాత సిఫారసు. పూత యూరియా వచ్చాక దాని అవసరం తగ్గింది, బత్తాయి పాదులకు మాత్రం ఇప్పటికీ వేసుకోవచ్చు. విత్తనానికి దాచుకొనే పెసలు, కందులు 100 కిలోలకు 1 నుండి 2 కిలోల పప్పు పొడి కలిపితే పుచ్చు పురుగు తగ్గుతుంది. తినే పప్పులకు ఇది పనికిరాదు, చేదు వదలదు. మొక్కలు పెంచదలచినవారు తాజా గింజనే నాటాలి, కొద్ది వారాలలోనే మొలకశక్తి పోతుంది.

ఏటా పండ్లు విరగకాస్తాయన్న భరోసా కూడా ఇప్పుడు లేదు. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు కొమ్మల చివర్ల నుండి మాడిపోయినట్లు ఎండిపోవడం అందరూ చూశారు. ఫోమాప్సిస్ శిలీంద్రం, దానితోపాటు తేయాకు దోమగా పిలిచే రసం పీల్చే నల్లి ఇందుకు కారణాలు. చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి. చివళ్లు ఎండిన ఏడాది పూత తగ్గితే గింజ కూడా తగ్గుతుంది.

అందుకే ఒక్కో గ్రామంలో ఎన్ని చెట్లు కాస్తున్నాయో, చెట్టుకు ఎన్ని కిలోలు వస్తున్నాయో స్థానికంగా తూచి చూడడం అవసరం. గ్రామీణ పని అనుభవ కార్యక్రమానికి వెళ్లే చివరి ఏడాది వ్యవసాయ విద్యార్థులు గ్రామాలలో ఉండేది వానాకాలంలోనే. గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం, కంపాసాగర్ వ్యవసాయ పరిశోధన స్థానం చుట్టూ ఉన్న గ్రామాలలో పది పెరళ్లను ఎంచుకొని పండు, గింజ, పప్పు బరువులను, కడిగి దంచడానికి పట్టిన గంటలను రాసుకుంటే, ఎకరాకు అయ్యే అసలు ఖర్చు తేలుతుంది. నిల్వ సంచులపై సేకరించిన నెల రాసి ఉంచాలి. ఎనిమిది, పది నెలలు దాటిన గింజను కషాయానికి వాడకుండా దంచి, చెట్ల పాదులలో వేయడం మేలు. ఉగాది పచ్చడికి కొత్త పువ్వు కోసే నాటికి పాత సంచి ఖాళీ కావాలి.