మురుగునీటి ఒడ్డున రాజహంసలు: కాల్హేర్ నుంచి ఒక పూట ప్రయాణం

కాల్హేర్: మురుగునీటి ప్లాంటు చూసొద్దాం పదండి అంటే ఇంట్లో అందరూ ముక్కు మూసుకుంటారు. కానీ ముంబైలో పక్షులను చూసేవాళ్లకు బాగా తెలిసిన చోట్లలో భాండుప్ పంపింగ్ స్టేషన్ ఒకటి. నగరపాలిక ఇక్కడ మురుగునీటిని ఎత్తిపోసి, పెద్ద మడుగుల్లో శుద్ధి చేసి, థానే ఖాడీలోకి వదులుతుంది. మనకు ఇది దూరమేమీ కాదు. కశేళి వంతెన దాటి, బాల్కుం, కాపూర్‌బావ్డీ మీదుగా ఈస్టర్న్ ఎక్స్‌ప్రెస్ హైవే ఎక్కితే దారిలోనే వస్తుంది. రైల్లో వెళ్లేవారు థానే నుంచి నాహూర్‌లో దిగి ఆటో పట్టుకోవచ్చు.

మురుగు దగ్గరికి పక్షులెందుకు వస్తాయి?

ఇళ్ల నుంచి వచ్చే మురుగులో మొదట జాలీలతో ప్లాస్టిక్, గుడ్డలు, చెత్త తీసేస్తారు. తర్వాత నీటిని మడుగుల్లో నింపి యంత్రాలతో గాలి కలుపుతారు. గాలి అందిన బ్యాక్టీరియా మలినాన్ని తింటూ పెరుగుతాయి, మడ్డి అడుగుకు చేరుతుంది. పైన తేరిన నీటిలో నత్రజని, భాస్వరం ఇంకా మిగిలే ఉంటాయి. పొలానికి ఎరువు ఏమి చేస్తుందో, నీటిలో నాచుకు ఇవి అదే చేస్తాయి. నాచు పెరిగితే పురుగులు, పీతలు, చేపలు పెరుగుతాయి. వాటి వెనుకే పక్షులు వస్తాయి.

థానే ఖాడీకి వచ్చే రాజహంసల్లో, అంటే ఫ్లెమింగోల్లో, ఎక్కువ భాగం చిన్న రకానివి. వీటి ముఖ్యమైన తిండి కంటికి కనిపించనంత సన్నని నీలి ఆకుపచ్చ నాచు. తల కిందికి వంచి, ముక్కుతో బురదనీటిని జల్లెడ పట్టినట్టు వడకట్టుకుంటాయి. ఆ నాచులోని రంగు పదార్థాల వల్లే వాటికి గులాబీ వన్నె వస్తుంది. 1990ల నుంచి ముంబై తీరానికి పెద్ద సంఖ్యలో వస్తున్నాయి. 2019లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ లెక్కలో లక్షకు పైగా తేలాయి. ఈ ఖాడీని 2015లో ఫ్లెమింగో అభయారణ్యంగా ప్రకటించారు. 2022లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోనూ చేరింది.

ఇది ఒక్క ముంబై సంగతే కాదు. మెల్‌బోర్న్ దగ్గర వెర్రిబీలో మురుగునీటి మడుగులు ఉన్నాయి. పక్షులను చూడడానికి అక్కడ అనుమతి పత్రం తీసుకుని మరీ వెళ్తారు. కోల్‌కతా తూర్పున నగరపు మురుగునీటితోనే చేపలు పెంచుతారు.

ఎప్పుడు వెళ్లాలి? ఏమి చూడాలి?

ఫ్లెమింగోలు చలికాలంలో వచ్చి మే నెల దాకా ఉంటాయి. తెల్లవారగానే వెళ్లడం మేలు. బయల్దేరే ముందు భర్తీ, ఓహోటీ వేళలు చూసుకోండి. నీరు తీసినప్పుడు బురద బయటపడి పక్షులు దూరంగా మేస్తాయి. నీరు ఎక్కుతున్నకొద్దీ ఒడ్డుకు దగ్గరవుతాయి. ఐరోలీలో అటవీశాఖ వారి తీర జీవవైవిధ్య కేంద్రం నుంచి పడవలో కూడా వెళ్లవచ్చు. ఆ పడవల వేళలు కూడా ఆటుపోట్లను బట్టే ఉంటాయి.

ఫ్లెమింగోలు లేకపోయినా వెలితి ఉండదు. కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు, చలికాలపు వలస బాతులు, పొడవాటి గులాబీ కాళ్ల స్టిల్ట్ పిట్టలు కనిపిస్తాయి. మడ చెట్ల మధ్య నక్కలు కూడా తిరుగుతుంటాయి. ప్లాంటు లోపలికి అనుమతి లేకుండా వెళ్లవద్దు, దారి మీద నుంచే చూడండి. ఆ నీటిని ముట్టుకోకండి. పక్షులను లేపడానికి రాళ్లు వేయకుండా పిల్లలకు ముందే చెప్పండి.

మన నీటి సంగతి

ఇక్కడ మన ఊరివాళ్లకు ఒక ప్రశ్న వస్తుంది. మురుగుకే పక్షులు వస్తే భివండీ నాలాల మీదా, కామ్వారీ నది మీదా అలాగే వాలాలి కదా?

మురుగంతా ఒకటి కాదు. సైజింగ్‌లో పడుగుకు పట్టించిన గంజి, గుడ్డను ప్రాసెస్ చేసేటప్పుడు కడిగితే నీళ్లలో కలుస్తుంది. దాన్ని బ్యాక్టీరియా తినగలవు. కానీ గంజి మరీ ఎక్కువైతే, తినే క్రమంలో నీటిలోని ఆక్సిజన్ అయిపోయి చేపలు చస్తాయి. డైయింగ్ రంగుల సంగతి వేరు. వాటిని బ్యాక్టీరియా అంత తేలిగ్గా అరిగించుకోలేవు. రంగునీరు ఎండను లోపలికి దిగనివ్వదు, కాబట్టి నాచు కూడా పెరగదు. ఇక బ్లీచింగ్ రసాయనాలు, ఆమ్లాలు ఏ ప్రాణికీ తిండి కావు. అందుకే రంగునీటిని ఇంటి మురుగుతో కలపకుండా, విడిగా శుద్ధి చేయాలి.

పక్షులు వాలినంత మాత్రాన నీరు శుభ్రమని కూడా అనుకోవద్దు. అక్కడ తిండి ఉందని మాత్రమే దాని అర్థం. మలినం హద్దు దాటితే ఆ తిండీ పోతుంది, పక్షులూ పోతాయి.

మన కుటుంబాలు తరతరాలుగా మగ్గాన్ని నమ్ముకుని ఇక్కడ నిలిచాయి. ఆ మగ్గం నీళ్లు చివరికి చేరేది కాల్హేర్ ముందున్న ఈ ఖాడీకే. లూములు బంద్ ఉన్న ఒక రోజు పిల్లలను భాండుప్ తీసుకెళ్లి చూపించండి. తిరుగు దారిలో కశేళి వంతెన మీద నుంచి మన నీటినీ ఒకసారి చూపించండి. తేడా ఎందుకని వాళ్లే అడుగుతారు. చెప్పడానికి జవాబు మన దగ్గర ఉండాలి.