35 వేలమందిలో 27 వేలమందిని కాపాడింది ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగే

1995 జనవరి 17. తెల్లవారుజామున 5.46కి జపాన్‌లో కోబె నగరం, దాని చుట్టుపక్కల ఊళ్లు ఊగిపోయాయి. 6,434 మంది చనిపోయారు. కూలిన ఇళ్ల కింద ఇరుక్కుని, ఎవరో ఒకరు లాగితే తప్ప బయటపడలేని వారు సుమారు 35 వేలమంది ఉన్నారని పరిశోధకుల అంచనా. వారిలో దాదాపు 27 వేలమందిని ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగువాళ్లే బయటికి తీశారు. పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, సైనికులు అంతా కలిసి తీసింది 8 వేలమందిని.

జపాన్‌కు చదువుకోవడానికి వెళ్లిన విద్యార్థులను భద్రతా శిక్షణకు రమ్మని ఎందుకంత పట్టుబడతారో ఈ లెక్కలోనే ఉంది. పక్క ఫ్లాటులో ఉంటున్నది మీరైతే, లాగాల్సిన చేతులు కూడా మీవే. మీరు ఏ దేశం వారన్నది అప్పుడెవరూ అడగరు.

టోక్యో అగ్నిమాపక శాఖకు ఇకెబుకురో, హోంజో, తాచికావాలలో శిక్షణ కేంద్రాలున్నాయి. ప్రవేశం ఉచితం. అక్కడ ఉపన్యాసాలు తక్కువ, ఒంటికి పని ఎక్కువ. మొదట భూకంపంలా కదిలే వేదిక ఎక్కిస్తారు. జపాన్ వాతావరణ సంస్థ భూకంపపు ఊపును 0 నుంచి 7 వరకు కొలుస్తుంది. 5, 6 అంకెల్లో దిగువ, ఎగువ అని రెండేసి మెట్లు ఉండటంతో మొత్తం 10 మెట్లు. మనకు అలవాటైన రిక్టర్ అంకె వేరు. అది భూకంపం మొత్తానికీ ఒక్కటే. ఈ తీవ్రత మాత్రం ఊరూరికీ మారుతుంది. ‘6 దిగువ’లో నిలబడటమే కష్టం, ‘6 ఎగువ’లో పాకితే తప్ప కదల్లేరు. 2024 డిసెంబరు 4న ములుగులో రిక్టర్ అంకె 5.3తో వచ్చిన భూకంపానికి హైదరాబాద్, విజయవాడల్లో ఫ్యాన్లు ఊగితేనే జనం వీధుల్లోకి వచ్చారు. అంతకుమించి ఎరుగని మన పిల్లలు బల్ల కాళ్లు గట్టిగా పట్టుకోవాలన్న సంగతిని ఆ వేదిక మీదే నేర్చుకుంటారు.

భూకంపం వస్తే ఏం చేయాలన్న పాఠం ఎప్పుడూ ఒకేలా లేదు. 1923 సెప్టెంబరు 1న టోక్యో, యొకొహామా ప్రాంతాల్లో భూకంపం వచ్చింది పగలు 11.58కి, సరిగ్గా మధ్యాహ్నపు వంట వేళ. చనిపోయిన, గల్లంతైన సుమారు 1,05,000 మందిలో 87 శాతం మందిని పొట్టనబెట్టుకున్నవి మంటలే. అందుకే దశాబ్దాలపాటు ‘నేల కదలగానే ముందు పొయ్యి ఆర్పండి’ అని నేర్పారు. ఇప్పుడు అలా చెప్పరు. గట్టి ఊపు వస్తే ఇంటి గ్యాస్ మీటరు తనంతట తానే సరఫరా ఆపేస్తుంది. ఊగుతున్న గదిలో పొయ్యి దగ్గరికి పరుగెత్తితే మరిగే నూనె మీద పడే ప్రమాదమే ఎక్కువ. ముందు తల కాపాడుకోండి, ఊపు ఆగాక మంట చూసుకోండి అన్నది నేటి సూత్రం. కోబె మృతుల్లో ఎక్కువమంది నిద్రలోనే ఇళ్ల కింద, బీరువాల కింద నలిగిపోయారు. అద్దె గదిలో మంచం పక్కన ఎత్తైన అలమారా పెట్టవద్దని విద్యార్థులకు చెప్పడం వెనక ఉన్న కారణం అదే.

శిక్షణ కేంద్రంలో తర్వాతిది పొగ గది. పొగ అడ్డంగా సెకనుకు ఒక మీటరు లోపే సాగుతుంది, అంటే మనిషి నడకను మించదు. కానీ పైకి సెకనుకు 3 నుంచి 5 మీటర్లు లేస్తుంది. మూడంతస్తుల మెట్లను రెండు మూడు సెకన్లలో నింపేస్తుంది. మెట్ల మీద దానితో పోటీపడి పైకి పరుగెత్తి గెలిచేవాళ్లు లేరు. అందుకే హాని చేయని కృత్రిమ పొగలో నడుం వంచి, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని, గోడ తడుముకుంటూ నడిపిస్తారు. 2025 మేలో చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్ ఇంట్లో 17 మందిని బలిగొన్న అగ్నిప్రమాదం గుర్తున్నవాళ్లకు ఈ గది ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

మంటలార్పే సిలిండర్ నుంచి పొడి వచ్చేది సుమారు 15 సెకన్లే. అందులో సగం పిన్ను ఎక్కడుందో వెతకడానికే పోతే మిగిలేది ఏమిటి? మంట పైకప్పును తాకితే సిలిండర్ వదిలేసి బయటపడమంటారు. హోంజో కేంద్రంలో గంటకు 50 మిల్లీమీటర్ల వాన, సెకనుకు 30 మీటర్ల గాలిలో నిలబెడతారు. గంటకు 108 కిలోమీటర్లన్నమాట. 2014లో హుద్‌హుద్ తుపానును చూసిన విశాఖవాసికి అది చిన్నదే అనిపించవచ్చు.

గుండె ఆగిన మనిషికి ఏఈడీ (గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే యంత్రం) పెట్టడం ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. జపాన్‌లో అత్యవసర నంబరు 119కి ఫోన్ చేశాక అంబులెన్స్ రావడానికి సగటున 10 నిమిషాలు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఛాతీ నొక్కడం అందరికీ ఎందుకు నేర్పుతారో తెలుస్తుంది.

ఇంత చెప్పినా పార్ట్‌టైం ఉద్యోగం ఉందంటూ శిక్షణ ఎగ్గొట్టే విద్యార్థులుంటారు. వీసా నిబంధన ప్రకారం వారానికి పని చేయగలిగేది 28 గంటలు. ఈ శిక్షణ రెండు గంటల్లోపే ముగుస్తుంది, ఒక షిఫ్టు అంత కూడా కాదు. ఎగ్గొట్టడానికి ఇది సాకు కాదన్నది నా అభిప్రాయం.

గదికి వచ్చాక మిగిలేవి రెండు పనులు. ఒకటి నీళ్లు: మనిషికి రోజుకు 3 లీటర్ల చొప్పున కనీసం మూడు రోజులకు 9 లీటర్లు, కుదిరితే వారానికి 21 లీటర్లు. రెండోది కబురు. పెద్ద విపత్తు వస్తే ఫోన్ లైన్లు కిక్కిరిసిపోతాయి. అప్పుడు జపాన్‌లో 171 నంబరుకు చేసి 30 సెకన్ల సందేశం వదలవచ్చు. దాని ఇంటర్నెట్ రూపం వెబ్171 విదేశాల నుంచి కూడా పనిచేస్తుంది. పిల్లల ఫోన్ నంబరు కొడితే వాళ్లు రాసిపెట్టిన కబురు కనిపిస్తుంది. ప్రతి నెలా 1, 15 తేదీల్లో దీన్ని ఎవరైనా వాడి చూసుకోవచ్చు. గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న అమ్మానాన్నలు వచ్చే 1వ తేదీన పిల్లలతో కలిసి ఒకసారి ప్రయత్నించండి.