తేలే అడవిలో సాంగై

నీటిపై తేలే ఏకైక జాతీయ పార్కుగా ప్రపంచంలో పేరొందింది మణిపూర్‌లోని కైబుల్ లాంజావో. లోక్‌తక్ సరస్సులో కుళ్లిన మొక్కలు, వేర్లు, మట్టి పెనవేసుకుని మందపాటి చాపల్లా తేలుతుంటాయి. అక్కడివారు వీటిని ఫుమ్‌డీలంటారు. సాంగై జింకలు సహజంగా బతికేది వీటి మీదే. 1975లో లెక్కిస్తే 14 మాత్రమే కనిపించాయి. 1977లో జాతీయ పార్కుగా ప్రకటించారు. 2016 లెక్కలో 260 తేలాయి.

అయినా ముప్పు తొలగలేదు. పూర్వం వానలు లేని నెలల్లో ఫుమ్‌డీలు సరస్సు అడుగుకు దిగేవి. వేర్లు నేల సారం పీల్చుకునేవి. వానలకు మళ్లీ తేలేవి. 1983లో ఇథాయ్ బ్యారేజీ వచ్చాక ఏడాదంతా నీరు నిండుగా ఉంటోంది. నేల అందక ఫుమ్‌డీలు పలచబడుతున్నాయి. జింక బరువు మోయలేకపోతే ఆ అడవి ఉన్నా లేనట్టే. పిల్లలకు పటంలో మణిపూర్ చూపించేటప్పుడు ఈ సంగతీ చెప్పండి.