రాగిరేకులపై సంకీర్తనలు

తిరుమల శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయమున, హుండికి సమీపమున, రాతితో కట్టిన చిన్న అర యొకటి కలదు. దానిని సంకీర్తన భాండాగారమని పిలుతురు. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) పాటలు శతాబ్దములకొలది ఈ అరలోనే యుండెను.

అన్నమాచార్యులు తమ పదునారవ యేట, అనగా 1424లో, సంకీర్తన రచనకు పూనుకొని జీవితాంతము రచించిరని రాగిరేకులే తెలుపుచున్నవి. ఆ పాటలు ముప్పదిరెండు వేలని ప్రసిద్ధి. లెక్క వేసి చూచినచో దినమునకు ఒకటి కంటె ఎక్కువయే యగును. భక్తి యొకటియే ఇందుకు చాలునా? నిన్నటి పాట బాగుగ కుదిరినను కుదరకున్నను నేడు మరల కూర్చుండగల ఓర్పును కావలయును. నేడు లభించుచున్నవి పండ్రెండు వేలకు పైబడి యున్నవి. తక్కినవి ఏమైనవో!

ఆ కాలమున గ్రంథములను తాటాకులపై వ్రాయుచుండిరి. తాటాకును పురుగు కొట్టును. ఎవరో యొకరు పూని మరల ప్రతి వ్రాయకున్నచో గ్రంథము నశించును. అన్నమాచార్యుల కుమారులు పెదతిరుమలాచార్యులు ఈ సంగతి నెరిగి, తండ్రి పాటలను రాగిరేకులపై చెక్కించిరి. రాజులు తమ దానశాసనములకు రాగిని వాడెడివారు. పాటలకై రెండువేలకు పైగా రేకులను చెక్కించుట అపూర్వము. రాగికి పురుగు భయము లేదు గాని మనుష్యుని భయము కలదు. పాట విలువ నెరుగనివానికి రేకు కేవలము లోహమే. కరగించినచో బిందె యగును.

1816లో తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున ప్రకటించిన ఏ. డి. కాంబెల్ దొర, తిరుపతి కొండపై వేలకొలది రాగిరేకులు కలవని విని, వానిని పరిశీలించుటకు ఒక దేశీయుని పంపెను. దొరకు కావలసినది వ్యాకరణము. లక్షణగ్రంథ మొకటి దొరకగా దానికి ప్రతి తీయించుకొనెను. తక్కినవన్నియు దేవుని స్తుతించు పాటలే యని తన పీఠికలో వ్రాసి ఊరకుండెను. ఆయనను నిందింప పనిలేదు; వెదకువానికి తాను వెదకునదే కనబడుట మానవ స్వభావము. ఆ పాటలు మాత్రము మరి నూరేండ్లు మరుగుననే యుండెను. 1922 ప్రాంతమున రేకులు వెలికి రాగా, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి మున్నగువారు శ్రమించి వానిని పరిష్కరించి ముద్రింపించిరి.

మాటలు దొరకినవి గాని వాని సంగీతము దొరకలేదు. ప్రతి పాటకును పైన రాగము పేరు కలదు. తాళము లేదు, స్వరము లేదు. నాడు పాటను గురుముఖమున నేర్చెడివారు గనుక రాగము పేరు చెప్పిన చాలునని తలచిరి కాబోలు. గాయక పరంపర నిలిచియున్నంతవరకు ఆ తలంపు సరియైనదే. పరంపర తెగిన పిమ్మట పేరు మాత్రము మిగిలెను. ఆబాలి, కొండమలహరి వంటి రాగములు నేడు వినబడుట అరుదు.

ఈ లోటును తీర్చుటకు పూనుకొనిన వారిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ముఖ్యులు. కవిత్వమును సంగీతమును రెండును ఎరిగిన ఆ పండితులు అనేక సంకీర్తనలకు స్వరములు కూర్చిరి. పిమ్మట మరికొందరు విద్వాంసులు ఆ పనిని కొనసాగించిరి. కనుక నేడు మనము వినుచున్న పాటలలో మాటలు పదునైదవ శతాబ్దమువి, వరుసలు ఇరువదవ శతాబ్దమువి. ఒకే కీర్తనను ఒక గాయకుడు ఒక రాగమునను, వేరొకడు మరియొక రాగమునను పాడుటయు కలదు.