మేనమామ వాచీ కొనిస్తానంటే ఏది అడగాలి?

పదో తరగతి పాసైన మేనల్లుడికో మేనకోడలికో వాచీ కొనిపెట్టడం మేనమామలకు ఒక ముచ్చట. మా పెదకాకాని వైపు ఆ ముచ్చట తీర్చుకోవడానికి అనువైన కాలం కూడా ఉంది. పిల్లలు పరీక్షలు రాసే మార్చి, ఏప్రిల్ నెలల్లోనే మిరపకాయలు గుంటూరు యార్డుకు చేరుతాయి. రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. వెనకటికి పెళ్లికొడుకులు వాచీ కోసం అలకపాన్పు ఎక్కేవారు. ఇప్పుడు ఏ ఇంట చూసినా సెల్ ఫోను ఉంది, అందులో టైము ఉంది. మరి ఇంకా వాచీ ఎందుకంటారా?

బడిలోకి ఫోను తీసుకుపోనివ్వరు, అది ఒక కారణం. నాకు అంతకంటె ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. వాచీ అంటే చేతికి కట్టుకునే కొలత పరికరం. స్కేలు, త్రాసు, థర్మామీటరు ఏ వరుసలో ఉన్నాయో వాచీ కూడా ఆ వరుసలోనే ఉంది. కాబట్టి కొనేముందు దాన్ని కూడా పరికరాన్ని పరీక్షించినట్లే పరీక్షించాలి. ఇది ఏం కొలుస్తుంది? ఎంత సరిగా కొలుస్తుంది? దీనివల్ల ప్రమాదం ఏమైనా ఉందా?

ముందు వాచీ ఎలా నడుస్తుందో చూద్దాం.

ఏ గడియారంలోనైనా ఒకే తీరుగా, అలసిపోకుండా ఊగే వస్తువు ఒకటి ఉండాలి. పాతకాలపు గోడ గడియారంలో లోలకం ఊగుతుంది. కీ ఇచ్చే చేతి వాచీలో సన్నని చుట్ట స్ప్రింగుకు బిగించిన చిన్న చక్రం ముందుకూ వెనక్కూ తిరుగుతుంది. మీ తాతగారి పెట్టెలో హెచ్.ఎం.టి. వాచీ ఉందేమో అడిగి చూడండి. ఆ ప్రభుత్వ సంస్థ 1961లో జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. దాని ‘జనతా’ వాచీ లక్షల చేతుల మీద నడిచింది. ఆ వాచీల విభాగాన్ని మూసివేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో నిర్ణయించింది. అయినా వాచీ దొరికితే కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకోండి. సెకనుకు అయిదు టిక్కులు వినిపిస్తాయి, అంటే గంటకు 18,000. ఒక్కొక్క టిక్కు ఆ చక్రం ఒక్కసారి ఊగినందుకు గుర్తు.

ఇప్పుడు అంగడిలో దొరికేవి చాలావరకు క్వార్ట్జ్ వాచీలు. క్వార్ట్జ్ ఒక స్ఫటికం. మామూలు ఇసుకలో ఉండే సిలికాన్ డయాక్సైడే అది. ఫ్రాన్సులో క్యూరీ సోదరులు 1880లో ఒక చిత్రం కనిపెట్టారు. ఇటువంటి స్ఫటికాన్ని నొక్కితే దాని ముఖాల మీద విద్యుదావేశం పుడుతుంది. దీనికి తిరుగుడు కూడా నిజమే. స్ఫటికానికి విద్యుత్తు అందిస్తే అది సాగి, ముడుచుకుని, కంపిస్తుంది. వాచీలో ఈ స్ఫటికాన్ని శృతిదండం ఆకారంలో, బియ్యపు గింజకంటె సన్నగా కోసి పెడతారు. అది సెకనుకు సరిగ్గా 32,768 సార్లు కంపిస్తుంది.

ఈ వింత సంఖ్య ఎందుకు? కాగితం తీసుకుని 32,768ని రెండుతో భాగించండి. వచ్చినదాన్ని మళ్లీ రెండుతో భాగించండి. అలా 15 సార్లు చేస్తే చివరికి 1 మిగులుతుంది. వాచీలోని చిన్న ఎలక్ట్రానిక్ వలయం చేసే పని ఇదే. కంపనాలను సగం, అందులో సగం, ఇంకా సగం చేస్తూ పోయి సెకనుకు ఒక్క విద్యుత్ స్పందన మిగుల్చుతుంది. ఆ స్పందన అందగానే బుల్లి మోటారు సెకన్ల ముల్లును ఒక అడుగు జరుపుతుంది. క్వార్ట్జ్ వాచీలో సెకన్ల ముల్లు జారుతూ పోకుండా టక్కు టక్కుమని గెంతడానికి కారణం ఇది.

చేతికి కట్టుకునే మొదటి క్వార్ట్జ్ వాచీని జపాను కంపెనీ సైకో 1969 డిసెంబరు 25న అమ్మకానికి పెట్టింది. దాని ధర ఆనాటి చిన్న కారు ధరంత! మన దేశంలో క్వార్ట్జ్ వాచీలకు పెద్ద ఎత్తున గిరాకీ తెచ్చింది టైటాన్. టాటా సంస్థ, తమిళనాడు ప్రభుత్వ సంస్థ కలిసి 1984లో దాన్ని స్థాపించాయి. ఫ్యాక్టరీ మన తెలుగువాళ్లు ఎందరో ఉండే హోసూరులో పెట్టారు. కారు ధర పలికిన ఆ స్ఫటికం ఇప్పుడు వెయ్యి రూపాయల లోపు వాచీలో కూడా ఉంది. పదివేల వాచీలో ఉన్నదీ ఆ జాతిదే.

మరి ఎంత సరిగా కొలుస్తుంది? మామూలు క్వార్ట్జ్ వాచీ నెలకు 15 సెకన్లు అటూ ఇటూ అవుతుందనుకోండి. 30 రోజుల నెలలో 25,92,000 సెకన్లు ఉన్నాయి. అంటే 1,72,800 సెకన్లకు ఒక సెకను తప్పు. కీ వాచీ రోజుకు 20 సెకన్లు తేడా వస్తే 4,320 సెకన్లకు ఒక సెకను తప్పు. ప్రయోగశాలలో మీరు వాడే ఏ స్కేలూ ఏ త్రాసూ ఆ చవక క్వార్ట్జ్ వాచీకి దరిదాపుల్లోకి రాదు. కాబట్టి ఎక్కువ డబ్బు పోస్తే ఎక్కువ సరైన టైము వస్తుందని మీ మామయ్యతో ఎవరైనా అంటే నమ్మవద్దని చెప్పండి. ఎక్కువ డబ్బుకు మంచి కేసు, గీతలు పడని అద్దం, పేరు వస్తాయి. అవి కావాలనుకోవడం తప్పు కాదు గాని, అవి వేరే సంగతి.

ఇక్కడ మన ఎండల సంగతి ఒకటి చెప్పాలి. ఆ స్ఫటికం 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర సరిగా నడిచేలా కోస్తారు. అంతకంటె వేడెక్కినా, చల్లబడినా కాస్త వెనకబడుతుంది. మే నెలలో 45 డిగ్రీల వేడిలో కిటికీ దగ్గర పడేసిన వాచీ రోజుకు ఒక సెకనుకు పైగా వెనకబడగలదు. చేతికి కట్టుకుంటే శరీరం దాన్ని మరీ వేడెక్కనివ్వదు. వాచీని పెట్టెలో దాచుకునేవారికంటె రోజూ కట్టుకునేవారికే అది సరైన టైము చెబుతుందన్నమాట.

ఇక డయలు చూద్దాం. పన్నెండు అంకెలూ ఉండాలి, నిమిషాల గీతలు అరవై ఉండాలి, అన్నిటికీ మించి సెకన్ల ముల్లు ఉండాలి. అది లేని వాచీతో ప్రయోగం చేయలేం. ఇంగ్లండులో జాన్ ఫ్లోయర్ అనే వైద్యుడు నాడి లెక్కించడం కోసమే ఒక నిమిషం కొలిచే వాచీ చేయించి, దాని గురించి 1707లో పుస్తకం ప్రచురించాడు. ఈనాటికీ నర్సు ఒక చేత్తో రోగి మణికట్టు పట్టుకుని సెకన్ల ముల్లు వైపు చూడటం మీరు గమనించే ఉంటారు.

ఆడపిల్లల వాచీలంటూ షాపుల్లో చూపించేవి నాకు కాస్త కోపం తెప్పిస్తాయి. గాజుల్లా మెరుస్తాయి. డయలు కందిగింజంత, అంకెలు ఉండవు, సెకన్ల ముల్లు అసలే ఉండదు. రేపు నర్సో డాక్టరో కావలసిన పిల్లకు ఇచ్చే వాచీయేనా అది? అమ్మాయిలూ, అబ్బాయిల అరలో ఉన్న వాచీ చూపించమని మొహమాటపడకుండా అడగండి.

అంకెలు మాత్రమే చూపే డిజిటల్ వాచీ మాటేమిటి? అందులోని స్టాపు వాచీ సెకనులో నూరో వంతు చూపిస్తుంది. కాని మీ బొటనవేలు మీట నొక్కడానికే సెకనులో అయిదో వంతు దాకా పడుతుంది. ఆ చివరి అంకెలు చూసి మురిసిపోనక్కరలేదు. మీటరు పొడవున్న లఘులోలకం ఒక డోలనానికి సుమారు రెండు సెకన్లు తీసుకుంటుంది. ఒక్క డోలనాన్ని నూరో వంతు దాకా కొలవడం కంటె, ఇరవై డోలనాలను ముళ్ల వాచీతో కొలిచి ఇరవైతో భాగించడం మేలు. పైగా ముళ్ల వాచీ కోణాలు నేర్పుతుంది. పెద్దముల్లు నిమిషానికి 6 డిగ్రీలు, చిన్నముల్లు అర డిగ్రీ జరుగుతాయి. మూడున్నరకు వాటి మధ్య కోణమెంత? 90 అనకండి, లెక్క వేయండి.

స్మార్ట్ వాచీ కావాలని చాలామంది పిల్లల కోరిక. అందులో విజ్ఞానం లేకపోలేదు. దాని అడుగున మెరిసే ఆకుపచ్చ దీపాన్ని చూశారా? రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం పెరిగి, తిరిగి వచ్చే కాంతి తగ్గుతుంది. ఆ తగ్గుదలలను లెక్కించి నాడి చెబుతుంది. బాగానే ఉంది. కాని దాన్ని ఒకటి రెండు రోజులకో, వారానికో చార్జింగు పెట్టాలి. చదువుకునేటప్పుడు చేతి మీద గంట కొడుతూనే ఉంటుంది. పరీక్ష హాలులోకి దాన్ని రానివ్వరు. నీట్ వంటి పోటీ పరీక్షల్లోనైతే ఏ వాచీనీ రానివ్వరనుకోండి. మొదటి వాచీగా నేనైతే దాన్ని సిఫారసు చేయను.

డయలు మీదో వెనక మూత మీదో ‘30 మీటర్లు’ అని రాసి ఉంటుంది. అది చూసి బావిలో దూకవద్దు! పది మీటర్ల నీటి లోతుకు దాదాపు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. కొత్త వాచీ, కదలకుండా ఉంచి, మూడు వాతావరణ పీడనాలు పెడితే తట్టుకుందని ఆ రాతకు అర్థం. వాన తుంపర్లకు, చేతులు కడుక్కోవడానికి అది చాలు. కాలువలో ఈదే పిల్లలకు 100 మీటర్లని ఉన్నది తీసుకోవాలి.

పట్టీ కొద్దిగా పెద్దదై, ఎక్కువ రంధ్రాలున్నది మేలు. మీ మణికట్టు ఇంకా పెరుగుతుంది కదా. తోలు పట్టీ మన చెమటకు తొందరగా పాడవుతుంది. చవకరకం లోహపు చెయినులో నికెల్ ఉంటే కొందరికి దురద, దద్దురు వస్తాయి. రబ్బరు పట్టీ మంచిది. సెలవుల్లో మిరప కల్లాలకు పోయేవారు వాచీ తీసి వెళ్లండి. మిరప ఘాటుకు కారణమైన కాప్సైసిన్ పట్టీకి అంటుకుంటుంది. అది నీటిలో కరగదు కనుక ఉత్త నీళ్లతో కడిగితే పోదు, సబ్బు కావాలి. లేకపోతే సాయంత్రం ఆ చెయ్యి కంటికి తగిలినప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. వాచీలో ఉండేది చొక్కా గుండీలాంటి బటన్ సెల్. ఇంట్లో పాకే చెల్లెలో తమ్ముడో ఉంటే, ఆ సెల్ వాళ్ల చేతికి ఎన్నటికీ చిక్కకూడదు. పసివాడు దాన్ని మింగితే అది అన్నవాహికలో ఇరుక్కోవచ్చు. అక్కడి తడి కణజాలం రెండు ధ్రువాలనూ కలుపుతుంది, విద్యుత్తు ప్రవహిస్తుంది. విద్యుద్విశ్లేషణ పాఠం గుర్తు తెచ్చుకోండి. రుణ ధ్రువం దగ్గర హైడ్రాక్సైడ్, అంటే గాఢమైన క్షారం తయారవుతుంది. సెల్ పగిలి కారనక్కరలేదు. రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోతుంది. వాచీ నడపలేక ‘అయిపోయింది’ అనుకుని తీసేసిన సెల్‌లో కూడా ఈ హాని చేసేంత శక్తి మిగిలి ఉంటుంది. రూపాయి బిళ్లంత వెడల్పున్న 3 వోల్టుల లిథియం సెల్ మరీ ప్రమాదకరం.

మింగినట్లు అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, అన్నం పెట్టకుండా, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. బటన్ సెల్ అని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. ఎందుకంటే ఎక్స్‌రేలో అది నాణెంలా కనిపిస్తుంది. అంచు వెంట రెండో వలయం ఉందా అని చూసి పోల్చుకుంటారు. తిరునాళ్లలో అమ్మే మెరుపు దీపాల బొమ్మ వాచీల మూత గోటితో గిల్లితే ఊడివస్తుంది. చిన్నపిల్లలకు అటువంటివి కొనవద్దు. మూతకు స్క్రూలుండాలి, లేదా పనిముట్టు లేకుండా తెరవడానికి వీల్లేనంత బిగువుగా ఉండాలి. షాపులో సెల్ మార్పించినప్పుడు పాతదాన్ని రెండువైపులా టేపు అంటించి అక్కడే ఇచ్చి రండి.

చీకట్లో మెరిసే ముళ్లను మనవాళ్లు ఇంకా ‘రేడియం’ అంటారు. ఆ మాట వెనక ఒక విషాదం ఉంది. వంద సంవత్సరాల కిందట అమెరికాలో యువతులు వాచీ డయళ్లకు రేడియం రంగు వేసేవారు. కుంచె మొన సన్నగా రావడానికి పెదవులతో తడిపేవారు. రేడియం ఎముకల్లో చేరి వారిలో చాలామంది దవడలు కుళ్లి, జబ్బుపడి మరణించారు. ఇప్పటి వాచీల్లో రేడియం లేదు. వెలుతురు పీల్చుకుని కాసేపు మెరిసే పదార్థం ఉంటుంది, అది హాని చేయదు. కాని బాగా పాత విదేశీ వాచీ మీ ఇంట ఉండి, దాని అంకెలకు గోధుమరంగు పూత ఉంటే మూత తెరవవద్దు. మెరుపు పోయినా రేడియం పోదు. అది సగానికి తగ్గడానికే 1,600 సంవత్సరాలు పడుతుంది.

వాచీ ఇంటికి వచ్చాక ఫోనులోని టైముతో సెకన్లు కలిపి పెట్టండి. ఫోనుకు టైము నెట్‌వర్కు నుంచి వస్తుంది. సరిగ్గా నెల తరవాత ఎన్ని సెకన్ల తేడా వచ్చిందో పుస్తకంలో రాసుకోండి. గుంటూరు నుంచి విజయవాడ పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 3,600ను ఆ సంఖ్యతో భాగిస్తే బస్సు వేగం వస్తుంది.

ఇంకొకటి. ఆరుబయట నిటారుగా ఒక కర్ర పాతి, దాని నీడ ఎప్పుడు అన్నిటికంటె పొట్టిగా ఉందో వాచీలో చూడండి. పన్నెండింటికి కాదు! మన దేశపు కాలం కాకినాడ సమీపంగా పోయే 82½ డిగ్రీల రేఖాంశానిది. పెదకాకాని దానికి రెండు డిగ్రీలు పడమరన ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు మనకు సగటున 12 గంటల 8 నిమిషాలకు నడినెత్తికి చేరుతాడు. భూమి కక్ష్య సరిగ్గా వృత్తం కాకపోవడం వల్లా, దాని అక్షం వంగి ఉండటం వల్లా ఇది సంవత్సరమంతా ఒకేలా ఉండదు. ఫిబ్రవరి రెండోవారంలో చూస్తే 12 గంటల 22 నిమిషాలు, నవంబరు మొదటివారంలో చూస్తే 11 గంటల 52 నిమిషాలు అవుతుంది.