తెల్లవాడెవడు?

నేడు అమెరికాకు వెళ్ళే మన యువకులకు ఆ దేశపు పౌరసత్వం దుర్లభం కావచ్చును గాని, నిషిద్ధం కాదు. ఒకప్పుడది ఆసియావాసులకు నిషిద్ధమే. 1790లో అమెరికన్ కాంగ్రెసు చేసిన శాసనం ప్రకారం, వలస వచ్చినవారిలో స్వతంత్రుడైన 'తెల్లవాడు' మాత్రమే పౌరుడు కాగలడు. బానిసత్వం రద్దయిన పిదప, 1870లో, ఆఫ్రికా సంతతివారికి కూడ ఆ హక్కు లభించినది. ఆసియావాసులు వెలుపలనే మిగిలినారు. 1882లో చైనా కూలీల రాకనే నిషేధించినారు. పశ్చిమ తీరానికి రైలుమార్గం వేయుటకై కొండలను తొలిచినది ఆ కూలీలే.

ఇంతకు తెల్లవాడనగా ఎవరు? శాసనం చెప్పలేదు. ఆ భారం న్యాయస్థానాలపై పడినది.

తకావో ఒజావా జపానులో జన్మించి, కాలిఫోర్నియాలో విద్యనభ్యసించి, హవాయిలో స్థిరపడినవాడు. ఇంటిలో సైతం ఇంగ్లీషే మాట్లాడేవాడు. 1922 నవంబరు 13న సుప్రీంకోర్టు అతని కోరికను తిరస్కరించినది. చూడవలసినది శరీరచ్ఛాయ కాదు, జాతి. తెల్లవాడనగా కకేషియన్ జాతివాడు. జపానీయుడు కకేషియన్ కాడు. ఇదీ తీర్పు.

ఈ తీర్పు భారతీయులలో ఆశ రేపినది. నాటి జాతిశాస్త్రజ్ఞులలో పలువురు ఉత్తర భారతీయులను కకేషియనులుగానే పరిగణించేవారు మరి! భగత్‌సింగ్ థిండ్ 1913లో పంజాబు నుండి వెళ్ళి, ఆరెగాన్ కలప మిల్లులలో పనిచేసి, మొదటి ప్రపంచయుద్ధకాలంలో తలపాగాతోనే అమెరికా సైన్యంలో చేరినవాడు. 1923 ఫిబ్రవరి 19న అతని వ్యాజ్యంలో అదే న్యాయస్థానం మాట మార్చినది. శాస్త్రజ్ఞుల మాట కాదట; సామాన్యుడు ఎవరిని తెల్లవాడనుకొంటాడో వాడే తెల్లవాడట! రెండు తీర్పులను వ్రాసినది జార్జి సదర్లాండ్ అను న్యాయమూర్తియే. ఆయన కూడ ఇంగ్లండులో పుట్టి వలస వచ్చినవాడే.

ఒక్క మాట చెప్పక తప్పదు. థిండ్ తరఫున వినిపించిన వాదంలో ఉన్నత కులగర్వమూ, ఆర్యరక్తపు గొప్పా ఉన్నవి. ఆ గోడ ఎందుకని కాక, తాను గోడకు లోపలివాడనని అతడు వాదించవలసి వచ్చినది. శాసనమే అట్టిది.

ఆ తీర్పు తరువాత, అంతకు పూర్వం పౌరసత్వం పొందిన భారతీయులలో అనేకుల నుండి దానిని తిరిగి లాగుకొనుటకు ప్రభుత్వం పూనుకొన్నది. వైష్ణోదాస్ బగాయ్ 1915లో భార్య కళతోను, ముగ్గురు కుమారులతోను పెషావరు నుండి శాన్‌ఫ్రాన్సిస్కో చేరి, 1921లో పౌరుడైనాడు. పౌరసత్వం పోగానే, కాలిఫోర్నియా భూచట్టం వలన ఆస్తిహక్కూ పోయినది. స్వదేశాన్ని చూచి వచ్చుటకు అమెరికా పాస్‌పోర్టు సైతం దొరకలేదు. 1928లో తన వేదననంతా ఒక లేఖలో వెల్లడించి, ఆత్మహత్య చేసుకొన్నాడు.

పంజాబీ రైతులు మరొక మార్గం వెదకినారు. వారిలో పలువురు మెక్సికన్ స్త్రీలను వివాహమాడినారు. అమెరికాలో పుట్టుటచేతనే పౌరులైన బిడ్డల పేర భూములు వ్రాయించినారు. సిక్కులైనా, ముస్లిములైనా వారందరినీ అచ్చటివారు 'హిందువులు' అనే పిలిచేవారు.

మాజీ సైనికులకై చేసిన చట్టం వలన థిండ్ 1936లో పౌరుడైనాడు. 1946లో భారతీయులందరికీ పౌరసత్వార్హత కలిగినది. కాని ఏటా వలస రాదగినవారు సుమారు నూరుగురే. 1952లో పౌరసత్వానికి జాతిభేదపు అడ్డు తొలగినది. 1965 నాటి చట్టంతో గాని ఆసియావాసుల వలసకు ద్వారాలు తెరచుకొనలేదు. మన తెలుగు వైద్యులు, ఇంజనీర్లు అధికసంఖ్యలో వెళ్ళినది ఆ తరువాతనే.

బగాయ్ దంపతులు బర్క్‌లీ పట్టణంలో ఇల్లు కొని సామానుతో వచ్చిననాడు, ఇరుగుపొరుగువారు ఆ ఇంటికి తాళం వేసి అడ్డగించినారు. ఇప్పుడు ఆ పట్టణంలో ఒక వీధికి కళా బగాయ్ పేరున్నది.